సాలిడ్‌వర్క్సా, కాటియానా అని అడిగే ముందు

పోయిన వారం మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్న ఒక జూనియర్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇంకో ఆరు నెలల్లో చదువు అయిపోతుంది. సాలిడ్‌వర్క్స్ నేర్చుకోనా, కాటియా నేర్చుకోనా, లేక నేరుగా ఆన్సిస్‌లోకి దిగిపోనా? మా క్లాసులో ఒకడు నాలుగు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి నేర్చుకుంటున్నాడు, నేను వెనకబడిపోతున్నానేమోనని టెన్షన్‌గా ఉంది." మొదటి రెండూ పార్టులను కంప్యూటర్‌లో 3డీలో గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్లు, ఆన్సిస్ ఆ పార్టు నిలుస్తుందా విరుగుతుందా లెక్కగట్టే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్. ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది, ఒకప్పుడు నేనూ మా సీనియర్లను పట్టుకుని ఇదే అడిగాను. అప్పుడు నాకు దొరికినవన్నీ పేర్లే. ఒకాయన ఒక పేరు చెప్పి అదొక్కటి వస్తే చాలన్నాడు, ఇంకొకాయన దాని పని అయిపోయింది, వేరేది పట్టుకోమన్నాడు. ఇద్దరూ తమ ఆఫీసులో ఏది వాడుతున్నారో అదే చెప్పారని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. నువ్వు రోజంతా కూర్చుని ఏ పని చేద్దామనుకుంటున్నావు అని మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే ఈ కుర్రాడిని ముందు అదే అడిగాను. రెండు రోజులు ఆలోచించుకుని "డిజైన్ అన్నా" అన్నాడు.

డిజైన్ అన్న ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి పోలిక లేని ఉద్యోగాలు బోలెడు ఉన్నాయి. ఒకరు కారు డోరు బయటి రేకు వంపు మీద వెలుతురు పడితే గీత ఎక్కడా విరగకుండా సరిచేస్తూ వారాలు గడుపుతారు. ఒకరు ప్యాకింగ్ మెషిన్‌కి షాఫ్టులు, బేరింగులు, మోటారు బ్రాకెట్లు అమర్చి బిల్ ఆఫ్ మెటీరియల్ (కావాల్సిన పార్టుల జాబితా) తయారు చేస్తారు. ఒకరు ప్లాస్టిక్ మూత అచ్చులోంచి అంటుకోకుండా ఊడి రావాలంటే గోడలకు ఎంత డ్రాఫ్ట్ (వాలు) ఇవ్వాలో చూసుకుంటారు. ఒకరు ప్లాంటులో వందల పైపులకు ఒకదానికొకటి తగలకుండా దారి వేస్తారు. ఒకరు వేరేవాళ్లు గీసిన పార్టు విరుగుతుందా నిలుస్తుందా లెక్కగట్టి రిపోర్టు రాస్తారు, ఇంకొకరు అదే పార్టును సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మెషిన్) మీద కోయడానికి టూల్‌పాత్ (టూల్ నడిచే దారి) రాస్తారు. బయటివాళ్లకు ఇదంతా డిజైనే. పొద్దున్నే తెరిచే సాఫ్ట్‌వేర్ మాత్రం వేరు, తలనొప్పులు వేరు, కావాల్సిన ఓపిక కూడా వేరు. నాకు తెలిసిన ఒకమ్మాయి సిమ్యులేషన్ అంటే రంగురంగుల బొమ్మలు అనుకుని వెళ్లింది, తీరా చూస్తే ఆమె రోజులో సగం మెష్ (లెక్క కోసం పార్టును విడగొట్టే చిన్న చిన్న ముక్కల వల) శుభ్రం చేయడంలోనే పోయేది. ఆమెకు ఆ పని నచ్చింది కాబట్టి సరిపోయింది, అందరికీ నచ్చదు.

పని ఏమిటో తేలితే సాఫ్ట్‌వేర్ పేరు దాదాపు దానంతటదే తేలిపోతుంది. విమానాలు, కార్ల బాడీల వైపు కాటియా, ఎన్‌ఎక్స్ ఎక్కువ. అక్కడ క్లిష్టమైన సర్ఫేసులు ఉంటాయి, వేల పార్టుల అసెంబ్లీలు ఉంటాయి, పైగా పెద్ద కంపెనీ ఏది వాడితే దానికి సప్లై చేసే చిన్న కంపెనీలు కూడా చాలాసార్లు అదే ఫార్మాట్‌లో ఫైళ్లు ఇవ్వాల్సి వస్తుంది. కాటియా పుట్టిందే ఫ్రాన్సులో విమానాలు తయారు చేసే దస్సో కంపెనీలో, 1977లో. 1994లో మొదటిసారి ఎగిరిన బోయింగ్ 777 పార్టులన్నిటినీ ముందుగా కాటియాలోనే 3డీలో అమర్చి చూసుకున్నారు. యంత్రాలు, ఫిక్స్చర్లు, కన్వేయర్లు, షీట్ మెటల్ బాక్సులు తయారు చేసే చోట సాలిడ్‌వర్క్స్, ఇన్వెంటర్, సాలిడ్ ఎడ్జ్, క్రియో కనిపిస్తాయి. ప్లాంట్ పైపింగ్ అయితే ఈ3డీ, ప్లాంట్ 3డీ లాంటివి, పైపు స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) లెక్కలకు సీజర్ 2. భవనాల ఏసీ డక్టులకు రెవిట్. సీఎన్‌సీ వైపు మాస్టర్‌క్యామ్, ఎన్‌ఎక్స్ క్యామ్, ఫ్యూజన్. క్రాష్ లెక్కలకు ఎల్‌ఎస్-డైనా, మెష్ వేయడానికి హైపర్‌మెష్, గాలి నీళ్ల ప్రవాహాలకు ఫ్లూయెంట్, స్టార్-సీసీఎం ప్లస్. కంట్రోల్స్, రోబోల వైపు వెళ్తే మ్యాట్‌ల్యాబ్, సిములింక్ లేకుండా కుదరదు. ఆటోక్యాడ్ 1982 నుంచీ ఉంది, లేఔట్లు, పాత డ్రాయింగులు ఎన్నో ఇంకా అందులోనే ఉన్నాయి, దాన్ని చిన్నచూపు చూడకండి. అయితే 3డీ వైపు వెళ్లేవాళ్లు దాని మీద నెలలు పెట్టనక్కర్లేదు, రెండు వారాలు గట్టిగా కూర్చుంటే పని నడుస్తుంది.

ఈ జాబితా మొత్తం చూసి కంగారు పడకండి, ఇందులో మీకు సంబంధించింది ఒకటో రెండో. అది ఏదో తేల్చుకోవడానికి నేను చెప్పే పద్ధతి ఒకటే. మీరు పని చేయాలనుకునే రకం కంపెనీల ఉద్యోగ ప్రకటనలు ఒక పాతిక ముందేసుకోండి. సాఫ్ట్‌వేర్ పేరున్న లైను దగ్గరే ఆగిపోకుండా, రోజూ ఏం చేయాలో రాసిన భాగం నిదానంగా చదవండి. చదువుతుంటే "ఇది చేయాలని ఉంది" అనిపించిన వాటిని పక్కన పెట్టండి, వాటిలో ఎక్కువసార్లు కనిపించిన పేరు రాసుకోండి. ఒక సాయంత్రం పని ఇది. ఆ సాయంత్రం ఖర్చు పెట్టకుండా నెలల తరబడి కోర్సులకు డబ్బు కట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు అందరికీ ఉండే భయం గురించి. "నేను ఒకటి నేర్చుకుని, కంపెనీలో వేరేది ఉంటే?" నాకు సరిగ్గా అదే జరిగింది. నేర్చుకున్నది ఒకటి, మొదటి ఉద్యోగంలో కంప్యూటర్ మీద ఉన్నది ఇంకొకటి. మొదటి రోజు ఎక్స్‌ట్రూడ్ బటన్ ఎక్కడుందో కూడా తెలియక చెమటలు పట్టాయి. మూడు వారాలు తిరిగేసరికి చేయి అలవాటు పడిపోయింది. ఎందుకో తర్వాత అర్థమైంది. 1980ల చివర్లో పీటీసీ వాళ్ల ప్రో-ఇంజినీర్ వచ్చినప్పటి నుంచి పెద్ద క్యాడ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే పద్ధతిలో ఆలోచిస్తున్నాయి. స్కెచ్ గీయాలి, దానికి కొలతలు, కన్‌స్ట్రెయింట్లు (గీతలు ఒకదానికొకటి ఎలా ఉండాలో చెప్పే షరతులు) ఇవ్వాలి, దాన్ని సాలిడ్ చేయాలి, ఒక ఫీచర్ మీద ఇంకో ఫీచర్ పేర్చాలి, వెనక్కి వెళ్లి కొలత మారిస్తే పైన కట్టినదంతా దానికి తగ్గట్టు మారాలి. 1995లో వచ్చిన సాలిడ్‌వర్క్స్ అదే పద్ధతిని మామూలు విండోస్ కంప్యూటర్ మీదకు తెచ్చింది. ఇంకో సంగతి చెప్తాను, సాలిడ్‌వర్క్స్ దస్సో వాళ్లది, ఎన్‌ఎక్స్ సీమెన్స్ వాళ్లది, మార్కెట్‌లో ఇద్దరూ పోటీదారులు, అయినా రెండు సాఫ్ట్‌వేర్ల అడుగునా జామెట్రీ లెక్కలు చేసేది పారాసాలిడ్ అనే ఒకే ఇంజిన్. పైన బటన్ల రంగు, చోటు మారతాయి. లోపల చాలావరకు మీరు ఇంతకుముందు చూసిందే.

అందుకే కమాండ్లు ఎన్ని వచ్చు అన్నదాని కంటే మోడల్ ఎలా కట్టారన్నది నాకు ముఖ్యం. ఇంటర్వ్యూలో నేను ఎప్పుడూ ఒక చిన్న పరీక్ష పెడతాను. 120 మిల్లీమీటర్ల పొడవున్న ప్లేటు, నాలుగు మూలల్లో నాలుగు హోల్స్, మధ్యలో ఒక స్లాట్. పది నిమిషాల పని. గీయడం అయ్యాక, "ఈ 120ని 150 చెయ్యి" అంటాను. కొందరి మోడల్‌లో హోల్స్ అంచు నుంచి అదే దూరంలో ఉంటూ జరుగుతాయి, స్లాట్ మధ్యలోనే నిలుస్తుంది. కొందరి మోడల్‌లో ఫీచర్ ట్రీ (మోడల్ కట్టిన అడుగుల జాబితా) అంతా తప్పులు చూపిస్తూ ఎర్రగా అయిపోతుంది, లేదా ప్లేటు పెరిగి హోల్స్ మాత్రం పాత చోటే ఉండిపోతాయి. రెండో రకం వాళ్లకు కమాండ్లు రావని కాదు, చాలాసార్లు మొదటివాళ్ల కంటే వేగంగా గీస్తారు. హోల్‌ను దేని నుంచి కొలవాలి, ఈ పార్టులో ఏది మారుతుంది ఏది మారకూడదు అన్న ఆలోచన లేకుండా గీశారు, అంతే. నేర్పితే వస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ఈ ఆలోచన వచ్చేదాకా అందులోనే ఉండండి, సగంలో ఇంకోదానికి దూకకండి.

ఇక్కడ నా మొదటి డ్రాయింగ్ గురించి చెప్పాలి. అల్యూమినియం బ్లాకులో 40 మిల్లీమీటర్ల లోతు పాకెట్, లోపలి మూలలు నాలుగూ పదునుగా, తొంభై డిగ్రీలు. స్క్రీన్ మీద అద్దంలా ఉంది. డ్రాయింగ్ షాప్ ఫ్లోర్‌కి వెళ్లిన గంటకే కబురు వచ్చింది. వెళ్తే మిల్లింగ్ చేసే పెద్దాయన కోప్పడలేదు, 10 మిల్లీమీటర్ల ఎండ్ మిల్ (తిరుగుతూ లోహాన్ని కోసే టూల్) ఒకటి నా చేతిలో పెట్టి "బాబూ, ఇది గుండ్రంగా తిరుగుద్ది కదా, నువ్వు గీసిన మూల దీంతో ఎట్టా తియ్యాలో చెప్పు" అన్నాడు. చేతిలో ఆ టూల్ తిప్పి చూస్తూ నిలబడిపోయాను. గుండ్రంగా తిరిగే టూల్ మూలలో తన రేడియస్ వదిలిపెడుతుంది. పోనీ చిన్న టూల్ వాడదామంటే 40 లోతులో అది వంగుతుంది, అదురుతుంది, విరుగుతుంది. ఆయనే చెప్పాడు, 10 టూల్‌కి మూల సరిగ్గా 5 రేడియస్ ఇచ్చినా టూల్ మూలలో ఆగి మళ్లీ బయల్దేరాలి, అక్కడ గీత పడుతుంది, 6 ఇస్తే ఆగకుండా తిరిగి వచ్చేస్తుందని. ఆ మాట నాకు ఏ కోర్సులోనూ ఎవరూ చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ కూడా చెప్పలేదు, మీరు అడిగిన మూలను అది మారుమాట లేకుండా గీసిపెడుతుంది. అప్పటి నుంచి కొత్తవాళ్లకు నేను క్యాడ్‌తో పాటు కొంచెం క్యామ్ (టూల్‌పాత్ వేసే సాఫ్ట్‌వేర్) కూడా తాకమని చెప్తాను. మెషినిస్ట్ కావాలని కాదు, మీ పార్టుకు మీరే ఒకసారి టూల్‌పాత్ వేసి చూస్తే ఏ మూలకు టూల్ చేరదో, పార్టును ఎన్నిసార్లు తిప్పి పట్టుకోవాలో మీ కళ్లకే కనిపిస్తుంది.

డ్రాయింగ్ సంగతి కూడా ఇలాంటిదే. 3డీ మోడల్ గీయడం వచ్చినవాళ్లు చాలామంది దొరుకుతారు, దాని మీద సరైన డ్రాయింగ్ తీసేవాళ్లు తక్కువ. ప్రతి కొలతకూ ±0.05 టాలరెన్స్ (కొలత ఎంతవరకు అటూ ఇటూ కావొచ్చో చెప్పే హద్దు) వేసేస్తే పార్టు ఖరీదు పెరిగిపోతుంది, అసలు వేయకపోతే పార్టులు ఒకదానిలో ఒకటి కూర్చోవు. ఒక హోల్ ఉంది, దాని స్థానానికి రెండు వైపులా ±0.1 ఇచ్చారనుకోండి. హోల్ కేంద్రం 0.2 చదరంలో ఎక్కడైనా ఉండొచ్చు, మూల దాకా జరిగినా ఫర్వాలేదని మీరే ఒప్పుకున్నట్టు. మూల ఎంత దూరమో అంత దూరం అన్ని వైపులా ఇస్తే 0.28 వ్యాసం ఉన్న వృత్తం వస్తుంది, దాని వైశాల్యం ఆ చదరం కంటే 57 శాతం ఎక్కువ. బోల్టు ఎలాగూ గుండ్రంగానే ఉంటుంది కాబట్టి పార్టు అమరికకు నష్టం లేదు, తయారు చేసేవాళ్లకు అంత వెసులుబాటు ఊరికే దొరికింది. డ్రాయింగ్ మీద ఇలాంటి హద్దులు రాసే పద్ధతి పేరు జీడీ అండ్ టీ, అందులో పొజిషన్ టాలరెన్స్ అంటే ఇదే. ఏఎస్‌ఎంఈ వై14.5 గానీ, ఐఎస్‌ఓ 1101 గానీ, ఏదో ఒక స్టాండర్డ్ పట్టుకుని నేర్చుకోండి. సాఫ్ట్‌వేర్ పదేళ్లలో రెండుసార్లు మారుతుందేమో గానీ, ఇది రిటైరయ్యేదాకా వాడతారు.

సిమ్యులేషన్ దగ్గరికి వస్తే నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే అందరికీ మోజు ఇక్కడే ఎక్కువ. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్-ఎ అనే ఆయిల్ ప్లాట్‌ఫామ్ కాంక్రీటు బేస్‌ను నీళ్లలో కొంచెం కొంచెం దించుతూ పరీక్షిస్తున్నారు. లోపలి సెల్ గోడ ఒకటి పగిలి నీళ్లు దూసుకొచ్చాయి, ఆ మొత్తం మునిగి అడుక్కి తగిలినప్పుడు రిక్టర్ స్కేలు మీద 3 తీవ్రతతో భూకంపంలా నమోదైంది. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు. మనుషుల ప్రాణాలు పోలేదు, అదే అదృష్టం. లెక్క కట్టింది నాస్ట్రాన్‌లో, నాసా కోసం పుట్టిన, అప్పటికే ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా వాడుతున్న సాఫ్ట్‌వేర్. అందులో తప్పేమీ లేదు. సెల్స్ కలిసే చోట వేసిన ఎలిమెంట్లు (మెష్ ముక్కలు) ఆ వివరానికి చాలా ముతకగా ఉన్నాయి, దాంతో షియర్ స్ట్రెస్ (అడ్డంగా కోసేసే ఒత్తిడి) 47 శాతం తక్కువగా వచ్చింది, ఆ అంకె చూసి గోడలు పలచగా, స్టీలు చాలీచాలకుండా పెట్టారు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్క కడితే 62 మీటర్ల లోతులో విఫలమవుతుందని తేలింది. నిజంగా జరిగింది 65 మీటర్ల దగ్గర. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. సరైన జవాబు చేతికి అందే దూరంలోనే ఉంది, అడగాల్సిన తీరులో అడగలేదు.

అందుకని ఆన్సిస్ నేర్చుకుంటానన్న వాళ్లకు నేను ముందు కాగితం మీద ఒక లెక్క ఇస్తాను. 300 పొడవు, 40 వెడల్పు, 10 మందం ఉన్న స్టీలు పట్టీ, అన్నీ మిల్లీమీటర్లే. ఒక చివర గట్టిగా బిగించారు, రెండో చివర 100 న్యూటన్ల బరువు. చివర ఎంత వంగుతుందో చెప్పే పీఎల్ క్యూబ్ బై త్రీ ఈఐ ఫార్ములా మెకానికల్ వాళ్లందరికీ తెలిసిందే. పట్టీ ఆకారం వంపును ఎంత ఆపుతుందో చెప్పే ఐ (I) విలువ 3333, స్టీలు గట్టిదనం చెప్పే ఈ (E) విలువ 2,00,000 పెడితే చివర 1.35 మిల్లీమీటర్లు వంగుతుంది, బిగించిన దగ్గర స్ట్రెస్ 45 మెగాపాస్కల్స్. ఇప్పుడు ఇదే సాఫ్ట్‌వేర్‌లో చేయండి. మందంలో ఒకే వరసగా మామూలు లీనియర్ టెట్రా ఎలిమెంట్లు (అంచులు వంగలేని నాలుగు ముఖాల ముక్కలు) వేస్తే వంపు 1.35 కంటే బాగా తక్కువ వస్తుంది, పట్టీ ఉన్నదానికంటే గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. అంచులు వంగగలిగే సెకండ్ ఆర్డర్ ఎలిమెంట్లకు మార్చండి, కాగితం మీది అంకె దగ్గరికి వచ్చేస్తుంది. తర్వాత మెష్ ఇంకా ఇంకా చిన్నది చేస్తూ పొండి, వంపు 1.35 దగ్గర స్థిరపడిపోతుంది గానీ బిగించిన అంచు దగ్గర స్ట్రెస్ మాత్రం పెరుగుతూనే పోతుంది, ఎక్కడా ఆగదు. నిజమైన పట్టీలో అలాంటి అనంతమైన స్ట్రెస్ ఉండదు, మనం పెట్టిన బిగింపు గణితంలో తెచ్చిన చిక్కు అది. ఈ మూడు విషయాలూ ఒక్క పట్టీ మీద చేతితో చూసినవాళ్లు, రేపు పెద్ద మోడల్ ముందు కూర్చున్నప్పుడు ఎక్కువ స్ట్రెస్ చూపించే ఎర్ర రంగు చూసి హడలిపోరు, తక్కువ స్ట్రెస్ చూపించే నీలం రంగు చూసి నిశ్చింతగానూ ఉండరు.

యూనిట్ల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. అబాకస్ అనే ఇంకో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని యూనిట్లు అడగదు, మీరిచ్చిన అంకెలను అలాగే తీసుకుంటుంది. మిల్లీమీటర్లు, న్యూటన్లు, మెగాపాస్కల్స్‌లో పని చేస్తే డెన్సిటీ ఒక ఘన మిల్లీమీటరుకు ఎన్ని టన్నులో ఇవ్వాలి, స్టీలుకు 7.85 × 10⁻⁹. అలవాటుగా 7850 కొట్టేస్తే బరువు లక్ష కోట్ల రెట్లు తప్పుతుంది. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది కూడా ఒక బృందం పౌండ్లలో, ఇంకో బృందం న్యూటన్లలో లెక్క పెట్టుకున్నందుకే.

చాలామంది పట్టించుకోనిది, నా ఉద్దేశంలో డబ్బుకీ సమయానికీ అన్నిటికంటే ఎక్కువ తిరిగిచ్చేది పైథాన్. ప్రోగ్రామర్ అయిపోనక్కర్లేదు. టెస్ట్ బెంచ్ మీద నుంచి వచ్చిన లక్ష లైన్ల ఫైల్ తెరిచి, గ్రాఫ్ గీసి, ఎక్కడ ఉష్ణోగ్రత హద్దు దాటిందో చెప్పగలిగితే చాలు, మీ టీమ్‌లో మీకు వేరే గుర్తింపు వస్తుంది. అబాకస్‌లో స్క్రిప్టులు పైథాన్‌లోనే రాస్తారు, ఫ్రీక్యాడ్‌ను పైథాన్‌తో నడపొచ్చు. నేను ఒకసారి 40 రకాల కొలతలున్న ఒకే బ్రాకెట్‌ను చేత్తో మార్చి మార్చి లెక్క కట్టలేక, వారాంతం కూర్చుని చిన్న స్క్రిప్టు రాశాను. సోమవారం పొద్దున కాఫీ తాగి వచ్చేసరికి 40 ఫలితాలూ పట్టికలో ఉన్నాయి. ఎక్సెల్‌ను కూడా తక్కువ చేయకండి, పెద్ద పెద్ద కంపెనీల్లో బోల్టు లెక్కలు, బేరింగ్ ఆయుష్షు లెక్కలు ఎన్నో ఎక్సెల్ షీటుల్లోనే నడుస్తున్నాయి. ఆ షీటును గుడ్డిగా నమ్మకుండా ఒక్కో సెల్‌లో ఏ ఫార్ములా ఉందో చూసేవాళ్లు కావాలి.

డబ్బు లేదని ఆగిపోయేవాళ్లకు ఒక మాట. ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం, 2024 నవంబరులో 1.0 వెర్షన్ వచ్చింది, ముందుకంటే ఎంతో కుదురుకుంది. ఆన్‌షేప్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచిత ఖాతాలో గీసినవి అందరికీ కనిపిస్తాయి, నేర్చుకునేవాళ్లకు దాంతో ఇబ్బందేమీ లేదు. ఆన్సిస్‌కి మోడల్ సైజు పరిమితితో ఉచిత స్టూడెంట్ వెర్షన్ ఉంది, పైన చెప్పిన పట్టీకి అది ఎక్కువే. ప్రవాహాల లెక్కలకు ఓపెన్‌ఫోమ్ 2004 నుంచి ఓపెన్ సోర్స్. ఉచితంగా దొరికే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ క్యాల్క్యులిక్స్ ఇన్‌పుట్ ఫైలు అబాకస్ ఫైలులాగే ఉంటుంది కాబట్టి అక్కడ నేర్చుకున్నది ఇక్కడ పనికొస్తుంది. క్రాక్ చేసిన కాపీల జోలికి మాత్రం పోకండి. ఇన్ని దారులు ఉండగా ఆ అవసరం లేదు, పైగా ఆ అలవాటుతో ఆఫీసు కంప్యూటర్ మీద ఒక్కసారి వేశారంటే కంపెనీ మొత్తానికి చిక్కు తెస్తారు.

ఇంకొకటి, ఫైళ్ల క్రమశిక్షణ. ఎయిర్‌బస్ ఎ380లో ఒక్కో విమానానికి దాదాపు 500 కిలోమీటర్ల వైరు ఉంటుంది. జర్మనీలోని హాంబర్గ్‌లో తయారైన వైరు కట్టలు ఫ్రాన్సులోని తులూజ్‌కి వచ్చాక విమానంలో సరిగ్గా పట్టలేదు, రెండు చోట్లా వాడింది కాటియానే, ఒకచోట 4వ వెర్షన్, ఇంకోచోట 5వ వెర్షన్. 2006లో బయటపడ్డ ఎ380 డెలివరీల ఆలస్యానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. మీ ఫోల్డర్‌లో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అని మూడు ఫైళ్లు ఉంటే ఈరోజే కూర్చుని సరిచేయండి. రివిజన్ నంబరు, తేదీ, ఏం మార్చారో ఒక లైను, అంతే. పీడీఎం (ఫైళ్లనూ వాటి రివిజన్లనూ చూసుకునే) సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేర్పుతారు, అలవాటు మాత్రం మీరు తీసుకెళ్లాలి.

ఇవన్నీ ఆ కుర్రాడికి ఒకేసారి చెప్తే బెదిరిపోతాడని, ఫోన్ చేసి మాట్లాడాను. ఉద్యోగ ప్రకటనలు చదివితే అతనికి ఆటోమేషన్ మెషిన్లు తయారు చేసే కంపెనీలే నచ్చాయట, వాటిలో సాలిడ్‌వర్క్స్ పేరు ఎక్కువసార్లు కనిపించింది. "అయితే అదే పట్టుకో, మిగతావి ఇప్పటికి మర్చిపో" అన్నాను. నాలుగు నెలలు దాని మీదే, పక్కన రోజుకో అరగంట పైథాన్, ఆఖరి రెండు నెలల్లో ఆ పట్టీ లెక్కతో మొదలుపెట్టి సిమ్యులేషన్. సర్టిఫికెట్ పరీక్ష రాయొచ్చా అని అడిగాడు. రాయమన్నాను, గడువు ఉంటే చదువు నడుస్తుంది. కానీ ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు తను సొంతంగా కొలిచి గీసిన ఒక వస్తువు డ్రాయింగు చేతిలో ఉండాలన్నాను. ఇంట్లో స్క్రూలు విప్పదీయగలిగిన వస్తువు ఏదైనా సరే, వెర్నియర్‌తో కొలిచి, ఒక్కో పార్టూ మోడల్ చేసి, అసెంబ్లీ కట్టి, అందులో ఒక్క పార్టుకైనా టాలరెన్సులతో సహా డ్రాయింగ్ తీయమన్నాను.

నిన్న రాత్రి పంపాడు. పాత టేబుల్ ఫ్యాన్ మోటారు వెనక ఉండే బ్రాకెట్ అది. మోడల్ శుభ్రంగా ఉంది, ఒక కొలత మార్చి చూశాను, ఎక్కడా ఎర్రబడలేదు, చాలా సంతోషం వేసింది. డ్రాయింగులో షాఫ్టు హోల్‌కి వ్యాసం ఇచ్చాడు, టాలరెన్స్ ఇవ్వలేదు. రెండు మౌంటింగ్ హోల్స్ మధ్య దూరం ఉంది, అవి షాఫ్టు హోల్ నుంచి ఎంత దూరమో ఎక్కడా లేదు. ఆ రెండు చోట్లా ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి, "ఈ డ్రాయింగ్ ఒక్కటే చేతిలో ఉంటే దీన్ని నువ్వు తయారు చేయగలవా?" అని రాసి తిరిగి పంపాను. పొద్దున్నే జవాబు వచ్చింది, "లేదన్నా, మళ్లీ పంపుతా" అని.